మహానవమిని చూచిన పరదేశులు

విజయనగరమున మహానవమి ఏ విధముగా జరుపవలెనో శాస్త్రజ్ఞులు చెప్పగలరు. కాని అది వీథిలో నిలుచున్న మనుష్యుని కన్నులకు ఎట్లు కనబడెనో తెలియగోరువారు పరదేశుల వ్రాతలనే ప్రధానముగా ఆశ్రయింపవలసియున్నది. ఏటేట చూచువానికి వర్ణింపవలెనను తలంపే పుట్టదు. క్రొత్తగా వచ్చినవాడు దేనిని విడువరాదో యెరుగడు గనుక అన్నియు వ్రాసికొనును.

1420 ప్రాంతమున వచ్చిన వెనీసు వర్తకుడు నికోలో కోంటీ, అచటి వేరువేరు పండుగలను వర్ణించుచు, గుళ్ళలోను ఇండ్ల కప్పులమీదను రేయింబవళ్ళు వెలుగు నూనెదీపములను, దారిని పోవువారిపై, తుదకు రాజుపై రాణిపై సైతము చల్లు కుంకుమపూవు నీటిని, దానికి అందరును నవ్వుటను చెప్పినాడు. ఆ నవ్వును గుర్తుంచుకొన్నందులకే ఆతనిని మెచ్చుకొనవలెను.

1443లో హిరాతు నేలిన షారుఖ్ సుల్తాను రాయబారిగా రెండవ దేవరాయల కొలువునకు వచ్చిన అబ్దుర్ రజాక్ హిరాతు నగరవాసి. నానారాజ్యభాగములనుండి రప్పింపబడిన ఏనుగులను, మూడు మొదలు ఐదంతస్తుల వరకు లేచిన మంటపములను, వానిపై మనుష్యులు, మృగములు, పక్షులు, ఈగలు దోమలతో కూడ చిత్రింపబడి యుండుటను ఆతడు వర్ణించెను. అంతకంటె నన్ను ఆకర్షించినది ఒక యేనుగు: దూలమున కొక కొనను తన బరువునకు సరితూగు రాతిని కట్టగా, రెండవ కొనపై నిలిచి, దూలము పైకి క్రిందికి ఊగుచున్నను బెదరక, అది గాయకుల తాళమునకు సరిగా తొండము నాడించెనట! మావటివారి యెన్నియేండ్ల ఓర్పు దాని వెనుక నుండెనో కదా!

1510లో గోవాను పట్టుకొన్న పోర్చుగీసువారు అరబ్బు గుఱ్ఱముల వర్తకమును చేతబట్టిరి. రాయల సైన్యమునకు గుఱ్ఱములు ప్రాణము. అందుచే 1520 ప్రాంతమున డొమింగో పాయిష్ తనవారితో వచ్చినపుడు కృష్ణదేవరాయల యుత్సవము చూచుటకు వారికి చోటు దొరకెను. ఒడిషా రాజగు గజపతిపై విజయమునకు గుర్తుగా కట్టించిన మంటపము, బంగారు నగల బరువుచే, ఇతర స్త్రీలు చేతులను పట్టి ఆసరా ఈయగా నడచు అంతఃపుర స్త్రీలు, మల్లుల పోరులు, బాణసంచా, ఇవి యన్నియు ఆతని గ్రంథమున కలవు. తొలినాడు 24 దున్నలను, 150 గొఱ్ఱెలను, కడపటినాడు 250 దున్నలను, 4500 గొఱ్ఱెలను బలియిచ్చిరని ఆతడు లెక్క వ్రాసెను. వేటు తప్పని నరకువాని నేర్పును సైతము చెప్పెను. దున్నయే యేల యని మన పిల్లవాడైనను మహిషాసురుని తలచి చెప్పగలడు. పాయిష్‌కు ఆ కథ పట్టలేదు. అయినను ఆ లెక్కయే నేడు చరిత్రకారునకు ఆధారము. ఉత్సవాంతమున బయలున తీర్చిన సేనను చూచి, తాను కలగనుచున్నానేమో యని తోచినదని ఆతడే ఒప్పుకొనెను.

1565 నాటి యుద్ధమున ఓడిన తరువాత నగరము పాడుపడెను. హంపిలో మహానవమి దిబ్బ రాతిపీఠము, దానిపై చెక్కిన యేనుగులు, గుఱ్ఱములు, నాట్యకత్తెలు మిగిలినవి గాని, పైనున్న కొయ్యకట్టడములు మిగులలేదు. 1610లో మైసూరు రాజగు రాజ ఒడయరు ఆ యుత్సవమును శ్రీరంగపట్టణమున నెలకొల్పెను. మైసూరు దసరా దాని సంతతియే.