గుమ్మము నొద్ద అడుగవలసిన ప్రశ్న

సహాయము కోరిన బీదవాని గుమ్మము నొద్ద నిలిచిన పరిచారకుడు మొదట ఏమి అడుగవలెను? చిన్న ప్రశ్నవలె కనబడును గాని, దీని వెనుక రెండువందల సంవత్సరముల చరిత్ర కలదు.

1819లో స్కాట్లాండు దేశపు గ్లాస్గో పట్టణమున సెయింట్ జాన్స్ సంఘమునకు థామస్ చామర్స్ అను బోధకుడు కాపరి ఆయెను. ఆయన ఆ పేటను 25 భాగములు చేసి, భాగమునకొక పరిచారకుని నియమించెను. ఒక్కొక్కని వంతునకు 60 మొదలు 100 కుటుంబములు వచ్చెను. ఎవరైన సహాయమడిగినయెడల పరిచారకుడు ఆ యింటికి వెళ్లి, వీరు పని చేయగలరా, బంధువులు ఆదుకొనగలరా, ఇరుగుపొరుగువారు చేయి అందింతురా అని విచారించవలెను. డబ్బిచ్చుట కట్టకడపటి మాట. నాలుగేండ్లలో బీదల ఖర్చు ఏటికి 1,400 పౌనుల నుండి 280 పౌనులకు దిగెను. ఇంటింటికి వెళ్లుట గొప్ప పనియే. అయినను ఆ లెక్క చదివినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. తగ్గినది ఖర్చా, ఆకలియా? ఆ గురి సంఘము పెట్టుకొన్నది, బీదవాడు పెట్టుకొన్నది కాదు.

1869లో లండనులో పుట్టిన ధర్మకార్య సమాజమువారును ఇట్లే ఇండ్లు తిరిగిరి. ఇతడు సహాయమునకు యోగ్యుడా, అయోగ్యుడా అనుటయే వారి విచారణ.

అమెరికాలో 1889లో బాల్టిమోరు నగరమందలి అట్టి సమాజములో మేరీ రిచ్‌మండ్ అను ఆమె ఉద్యోగమున చేరెను. 1917లో ఆమె ప్రచురించిన ‘సోషల్ డయాగ్నోసిస్’ అను గ్రంథము ఈ పనికి ఒక క్రమమునిచ్చెను. ఇంటివారితోను, బంధువులతోను, వైద్యునితోను, పాఠశాలవారితోను మాటలాడి, విన్నవాటిని ఒకదానితోనొకటి సరిచూచి, అటుతరువాతనే కష్టమేదో తేల్చవలెను. తొందరపడి తీర్పు చెప్పువారికి ఇది మంచి కళ్లెము.

మన దేశమునకు ఈ విద్య తెచ్చినవారిలో ఒక మిషనరీ కలరు. బొంబాయి నాగ్‌పాడాలో సేవచేసిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ మొదటి డైరెక్టరుగా 1936లో ఆరంభమైన పాఠశాలయే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్.

అయితే కష్టమునకు పేరు పెట్టువారెవరు? 1972లో విలియం రీడ్, లారా ఎప్‌స్టైన్ అనువారు తమ గ్రంథములో దీనికి జవాబు చెప్పిరి. సహాయము కోరినవాడు ఇది నా కష్టమని తానే ఒప్పుకొన్నదానినే చేపట్టవలెను. ఇద్దరును కలిసి గురి పెట్టుకొని, ఎవరి పని వారు పంచుకొని, ఇంచుమించు 8 మొదలు 12 భేటీలలో ముగించవలెను.

నేనును ఈ విషయములో తప్పిపోయినవాడనే. మా సంఘములోని ఒక విధవరాలికి ఏటేటా క్రిస్మసుకు బియ్యమిచ్చి, నా పని తీరినదనుకొంటిని. ఒకనాడు ఆమె మంచముమీద కూర్చుండి, “అమ్మా, నీకు అన్నిటికంటె కష్టమైనదేది?” అని అడిగితిని. “కాగితాల్లో నా పేరు తప్పు పడింది అయ్యగారూ. పింఛను ఆగిపోయి రెండేళ్లయింది. ఆఫీసుకు నాతో వచ్చేవాళ్లు లేరు” అనెను. పాత కాగితములు వెదకుట ఆమె వంతు, వెంట వెళ్లుట నా వంతు అనుకొంటిమి. మూడుమారులు తిరిగితిమి. నాలుగవమారు నేను రానక్కరలేదని ఆమె ఒంటరిగానే వెళ్లి వచ్చెను.