ఓటున్నవాళ్లు, పట్టాలు వేసినవాళ్లు

అమెరికాలో రాష్ట్ర గవర్నరును జనమే ఓటేసి ఎన్నుకుంటారు. పక్కనే ఉన్న కెనడాలో ఆ పద్ధతి లేదు. మన దగ్గరలాగే అసెంబ్లీలో ఎవరికి బలముంటే వాళ్లదే రాజ్యం. మనం ముఖ్యమంత్రి అంటాం, వాళ్లు ప్రీమియర్ అంటారు.

పడమటి సముద్రం ఒడ్డున ఉన్న బ్రిటిష్ కొలంబియా 1871 జులై 20న కెనడాలో కలిసింది. రైలు వేయిస్తామని ఒట్టావా సర్కారు మాట ఇచ్చాకే కలిసింది. ఆ ఏడాది చివర్లోనే మొదటి ఎన్నికలు. 25 సీట్లు, పార్టీలు లేవు. రహస్య ఓటూ లేదు, ఎవరికి వేస్తున్నారో అందరి ముందూ చెప్పాలి. పనిచ్చే దొర ఎదురుగా నిలబడితే నోరు ఎలా పెగులుతుందో మన అన్నదమ్ములకు ఒకరు చెప్పక్కర్లేదు. రహస్య ఓటు 1873లో వచ్చింది.

మొదటి ప్రీమియర్ లాయరు మెక్‌క్రైట్. ఏడాది తిరిగేసరికి అసెంబ్లీలో ఓడి దిగిపోయాడు. 1872 డిసెంబరులో వచ్చినాయన పేరు అమోర్ డి కాస్మోస్. అసలు పేరు స్మిత్. కాలిఫోర్నియాలో ఉండగా 'విశ్వాన్ని ప్రేమించేవాడు' అనే అర్థంతో కొత్త పేరు పెట్టుకున్నాడు. చైనా కూలీలకు రైలు పని ఇవ్వొద్దన్న అర్జీని 1879లో పార్లమెంటులో పెట్టింది ఈ విశ్వప్రేమికుడే!

అప్పటికే అక్కడ చైనావాళ్లకూ ఆదివాసులకూ ఓటు తీసేశారు. జనాభాలో ఎక్కువమంది ఆదివాసులే, అయినా సరే.

అర్జీ పెట్టినా కూలీలు లేకుండా రైలు ఎలా పడుతుంది? 1881 నుంచి 1885 దాకా సుమారు 15,000 మంది చైనావాళ్లు కొండలు పేల్చి, సొరంగాలు తవ్వి దారి వేశారు. రోజు కూలి ఒక డాలరు. తెల్లవాళ్లకు అంతకన్నా ఎక్కువ. వందలమంది చచ్చిపోయారు. 1885లో పని అయిపోతుండగానే, కొత్తగా వచ్చే దాదాపు ప్రతి చైనా మనిషి మీదా 50 డాలర్ల పన్ను వేశారు. టైంషీట్లు రాసేవాణ్ణి కాబట్టి లెక్క చూడకుండా ఉండలేను: యాభై రోజుల కూలి. నవంబరు 7న చివరి మేకు కొడుతూ దిగిన ఫొటోలో ఒక్క చైనా కూలీ కనిపించడు.

1907లో మన దేశం వాళ్ల వంతు వచ్చింది. అక్కడ రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలకూ ఓటు లేకుండా చేశారు. 40 ఏళ్లు పోరాడితే 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, వాళ్లకూ చైనావాళ్లకూ ఓటు తిరిగొచ్చింది. ఆదివాసులకూ జపాన్‌వాళ్లకూ 1949లో.

2000 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రానికి ఉజ్జల్ దోసాంజ్ ప్రీమియర్ అయ్యాడు. జలంధర్ జిల్లాలో పుట్టి 1968లో కెనడా చేరి, మొదట్లో రంపపు మిల్లులో పనిచేసిన మనిషి. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన పార్టీకి రెండే సీట్లు మిగిలాయి. ఆయన కూడా ఓడిపోయాడు.