రాతి మీది పలుకు: గిర్నార్ నుండి ఎర్రగుడి దాకా

కడోదరాలోనూ సూరత్ చుట్టుపక్కల మిల్లు ప్రాంతాలలోనూ బతుకుతెరువు కోసం స్థిరపడిన తెలుగువారిలో ధమ్మ మార్గం పట్టిన కుటుంబాలకు ఒక ప్రశ్న ఎప్పుడూ ఎదురవుతూనే ఉంటుంది. మనం నమ్మిన మాటను, ఇంకా నమ్మని మనవాళ్లకు ఎట్లా చెప్పాలి? కొన్నేళ్ల క్రితం మా ఆదివారం సమావేశానికి ఒక కుటుంబం కొత్తగా వచ్చింది. ఇంట్లో దేవుళ్ల పటాలు ఇంకా ఎందుకున్నాయని మాలో ఒకరు వారిని అందరి ముందూ నిలదీశారు. అడిగినదానిలో తప్పేమీ లేదని ఆ రోజు మేమందరం అనుకున్నాం. ఆ కుటుంబం మళ్లీ రాలేదు.

ఆ మరుసటి ఏడు మేము కొందరం కలిసి, రాత్రంతా బస్సులో ప్రయాణించి జునాగఢ్ వెళ్లాం. ఊరి నుండి గిర్నార్ కొండకు పోయే దారిలో అశోక చక్రవర్తి పద్నాలుగు శాసనాలు చెక్కించిన పెద్ద బండ ఉన్నది. 1822లో జేమ్స్ టాడ్ దానిని చూసేనాటికి ఆ అక్షరాలు చదవగలవారు లేరు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన తరువాత గాని ఆ రాయి నోరు తెరవలేదు. అవే పద్నాలుగు శాసనాలు మన కర్నూలు సీమలో, గుత్తికి సమీపాన ఉన్న ఎర్రగుడి బండల మీదా ఉన్నాయి. మేము విడిచి వచ్చిన నేల మీదా, మేము వచ్చి చేరిన నేల మీదా క్రీ.పూ. 3వ శతాబ్దిలో ఒకే మాట చెక్కి ఉన్నదని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

అయితే చెక్కినంత మాత్రాన మాట జనానికి చేరుతుందా? ఆ భాష ప్రాకృతం. నాడు ఎర్రగుడి పరిసరాలలో పశువులు కాచుకొనే మనిషికి ఆ అక్షరాలూ రావు, బహుశా ఆ భాషా రాదు. పైగా అక్కడి చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. చదువు వచ్చినవాడికే అది పరీక్ష. అశోకునికి ఈ సంగతి తెలియకపోలేదు. అందుకే ఎర్రగుడి శాసనంలోనే ఏర్పాటు కూడా చెప్పాడు. రాజాజ్ఞ రజ్జుకులనే అధికారులకు చేరాలి. వారు భేరి మోగించి జనపదానికి చాటించాలి. ఏనుగులు తోలేవారు, లేఖకులు, బ్రాహ్మణులు తమ తమ శిష్యులకు నేర్పాలి. చాటవలసిన విషయమో, తల్లిదండ్రుల పట్ల, పెద్దల పట్ల విధేయత, ప్రాణుల మీద దయ, సత్యం పలకడం. అంటే రాయి మూలప్రతి మాత్రమే, మాట నడిచింది మనుషుల నోళ్ల మీదుగా. మన పల్లెల్లో చాటింపు ఎవరు వేసేవారో, ఎవరి ఆజ్ఞలు వేసేవారో మనకు తెలుసు. తరతరాలు పరుల మాటలకు డప్పు కొట్టిన చేతులకు ఈ శాసనం వేరుగా వినిపిస్తుంది.

నాలుగవ శాసనంలో భేరీఘోష ధమ్మఘోషగా మారిందంటాడు. అక్కడే, ప్రజలకు విమానాల రూపాలను, ఏనుగులను, అగ్నిరాశులను, ఇతర దివ్యరూపాలను చూపించినట్లు చెబుతాడు. చెవికి భేరి, కంటికి బొమ్మ! ఒప్పించడానికి ఎన్ని దారులున్నాయో ఆ రాజుకు బాగా తెలుసు. గిర్నార్ బండ మీదనే సర్వలోకానికి సుఖం తెచ్చే శ్వేతగజాన్ని పేర్కొనే మాట ఉన్నది. కళింగంలోని ధౌలి వద్ద రాతిలోనే ఏనుగును మలిచారు. శతాబ్దాల తరువాత మన అమరావతి శిల్పులు ఈ విద్యను ఎంత ఎత్తుకు తీసుకుపోయారో, చెన్నై మ్యూజియంలోని నాళాగిరి ఫలకం చూసినవారికి చెప్పనక్కరలేదు. ఒకే వృత్తంలో ఒక పక్క మదించి మనుషులను విసిరేస్తున్న ఏనుగు, మరో పక్క తథాగతుని ముందు మోకరిల్లిన అదే ఏనుగు. రెండింటి నడుమ ఏం జరిగిందో శిల్పి చెప్పడు. చూసేవాడే పూరించుకోవాలి.

గిర్నార్ బండ మీద మరొకరి మాట కూడా ఉన్నది. క్రీ.శ. 150లో శక క్షత్రపుడు రుద్రదాముడు సుదర్శన తటాకానికి మరమ్మతు చేయించి సంస్కృత గద్యంలో దీర్ఘ శాసనం వేయించాడు. దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుమార్లు జయించి, దగ్గరి సంబంధం వల్ల విడిచిపెట్టానని అందులో చెప్పుకొన్నాడు. తన గద్యపద్య రచన స్పష్టమనీ మధురమనీ కూడా రాయించుకొన్నాడు. అలంకారశాస్త్రం చదివినవారికి అది విందు భోజనం. మాకు మాత్రం, అదే బండ మీద, తాను చేసిన ఘోరాన్ని తానే ఒప్పుకొన్న రాజు మాట గొప్పదనిపించింది. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించామని, లక్ష మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్లు మరణించారని పదమూడవ శాసనం లెక్క చెబుతుంది. గెలిచినవాడు పశ్చాత్తాపం ప్రకటించడం ఎంతటి శ్రోతనైనా ఆపి వినేలా చేస్తుంది. గిర్నార్‌లో ఆ శాసనం చాలావరకు దెబ్బతిన్నది. ఆ విరిగిన చోట మేము చాలాసేపు నిలబడ్డాం.

ఇక్కడ ఒక చిక్కు చెప్పక తప్పదు. ఆ పశ్చాత్తాప శాసనం కళింగంలో లేదు. ధౌలి, జౌగడలలో పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలను వదిలి, వాటికి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించారు. మనుషులందరూ నా బిడ్డలే అనే భావం అందులోనిదే. తిష్య నక్షత్రం నాడు చదివి వినిపించాలని, ఒక్క శ్రోత ఉన్నా సరే వినిపించాలని చెప్పినదీ అక్కడే. పుండు మీద కారం చల్లకూడదనుకొన్నాడా, లేక బాధితుల ముందు తల దించడానికి రాజ్యం వెనుకాడిందా? రెండూ ఉండవచ్చు. మా మట్టుకు రెండవదే ఎక్కువని తోస్తుంది. ఎవరికి క్షమాపణ చెప్పాలో వారికి తప్ప అందరికీ చెప్పిన పశ్చాత్తాపం అది.

మా సమావేశంలో జరిగిన దానికి నేరుగా తగిలేది పన్నెండవ శాసనం. వచిగుతి, అంటే వాక్కుకు కాపలా, ధర్మసారం పెరగడానికి మూలమని అది చెబుతుంది. స్వమత స్తుతి, పరమత నింద తగవన్నది అందరూ ఎత్తిచూపే భాగం. దానిని చూపి మనలాంటి వారిని నోరు మూసుకొమ్మనే పెద్దమనుషులూ ఉన్నారు. కాని శాసనం నిందను పూర్తిగా నిషేధించలేదు. సందర్భం లేకుండా వద్దన్నది. సందర్భం ఉన్నచోట మితంగా ఉండాలన్నది. ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలన్నది. సింహాసనం మీది వాడు సంయమనం చెప్పడం వేరు, అణగారిన వాడికి సంయమనం నేర్పడం వేరు. బాబాసాహెబ్ 1920లో తన మరాఠీ పత్రికకు ‘మూక్‌నాయక్’ అని పేరు పెట్టినప్పుడు, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇరవైరెండు ప్రతిజ్ఞలు చేయించినప్పుడు, మెత్తగా మాట్లాడలేదు. ఆ రెండూ సందర్భం ఉన్న మాటలు. ప్రతిజ్ఞ ఎవరికి వారు తమ నోటితో చేసుకొనేది. ఎదుటివాడి ఇంట్లోకి దూరి చేసే తనిఖీ కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథల ద్వారా తన జనాన్ని మేల్కొలిపారు. జనం అప్పటికే చెవి ఒగ్గే రూపాన్ని తీసుకొని అందులో కొత్త మాట పెట్టారు. ఆ ఉపాయానికి పెద్ద చదువు కాదు, జనం మీద ప్రేమ కావాలి.

పోయిన వర్షావాసంలో మేమిద్దరం ఆ కుటుంబం ఇంటికి వెళ్లాం. ఆ రోజు అన్న మాటకు క్షమించమని ఆ ఇంటి పెద్దాయననే నేరుగా అడిగాం. పటాలు గోడ మీదే ఉన్నాయి. వాటి ఊసు ఎవరమూ ఎత్తలేదు. మా దగ్గరి గిర్నార్ ఫొటో చూసి, గుజరాతీ బడిలో ఏడవ తరగతి చదువుతున్న వారి అమ్మాయి ఇవేం అక్షరాలని అడిగింది. కూడిక గుర్తులా ఉన్నదాన్ని చూపి, ఇది ‘క’ అని, నీ గుజరాతీ ‘క’కూ మీ అమ్మ రాసే తెలుగు ‘క’కూ ఇదే మూలమని చెప్పాం. ఆ పిల్ల నోటుపుస్తకం తెచ్చి మిగతా అక్షరాలు కూడా రాసి ఇమ్మన్నది.