స్మార్ట్‌వాచీకి స్క్రీన్ గార్డ్ అవసరమా? బస్తర్ రాళ్లూ ఇసుకా చెప్పే సమాధానం

జేబులోనో సంచిలోనో ఉండే ఫోన్‌కు, మణికట్టుపై ఉండే స్మార్ట్‌వాచీకి ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఫోన్‌ను పని ముగిశాక లోపల పెట్టేస్తారు. వాచీ మాత్రం చేతితో పాటే పనిలోకి దిగుతుంది. గోడకు రాసుకుంటుంది, తలుపుకు తగులుతుంది, మట్టిలో, నీటిలో మునుగుతుంది. అందువల్ల దాని తెరపై ‘స్క్రీన్ గార్డ్’ లేదా ‘టెంపర్డ్ గ్లాస్’ అని పిలిచే అదనపు రక్షణ పొరను అతికించుకోవాలా, వద్దా అన్న సందేహం కొనుగోలుదారుల్లో సహజంగానే తలెత్తుతుంది.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ డివిజన్‌లో ఈ సందేహానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ. బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ అనే 7 జిల్లాల ఈ ప్రాంతంలో గనులు, నదీ తీరాలు, ఎర్రమట్టి దారులు నిత్యజీవితంలో భాగం. డివిజన్ కేంద్రమైన జగదల్‌పూర్ నుంచి రాజధాని రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. తెలంగాణ సరిహద్దులోని భోపాలపట్నం నుంచి జగదల్‌పూర్ చేరాలన్నా 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. తక్కువ ధర వాచీల్లో తెర మార్పించే ఖర్చు కొత్త వాచీ ధరకు దగ్గరగా ఉండటం మామూలే. దానికి ప్రయాణ ఖర్చు, పోయిన రోజు కూలీ కూడా కలిస్తే, పగిలిన వాచీని బాగుచేయించడం కన్నా పక్కన పడేయడమే జరుగుతుంది.

అయితే స్క్రీన్ గార్డ్ అందరికీ అవసరం కాదు, అందరికీ అనవసరమూ కాదు. వాచీ అద్దం దేనితో తయారైంది, అది రోజూ దేనికి రాసుకుంటోంది అన్న రెండు విషయాలపైనే సమాధానం ఆధారపడి ఉంటుంది.

గీత ఎలా పడుతుంది?

ఒక పదార్థంపై అంతకన్నా గట్టి పదార్థం మాత్రమే గీత పెట్టగలదు. ఈ సూత్రం ఆధారంగా జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో 10 మెట్ల కాఠిన్య మాపకాన్ని రూపొందించారు. ఇందులో బలపపు రాయిగా మనకు తెలిసిన టాల్క్‌ది 1వ స్థానం, వజ్రానిది 10వ స్థానం. ఇవి వరుస క్రమాన్ని సూచించే అంకెలు మాత్రమే. 10వ మెట్టులోని వజ్రం 9వ మెట్టులోని ఖనిజం కన్నా ఎన్నో రెట్లు గట్టిది.

ఈ మాపకంలోని ముఖ్యమైన మెట్లన్నీ బస్తర్ నేలలోనే కనిపిస్తాయి. కాంగేర్ లోయ జాతీయోద్యానంలోని కుటుంసర్ గుహలు సున్నపురాతిలో ఏర్పడినవి. సున్నపురాతిలోని ప్రధాన ఖనిజం కాల్సైట్, దాని కాఠిన్యం 3. బైలదిల్లా కొండల్లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్ఎండీసీ) తవ్వుతున్న ఇనుప ఖనిజం హెమటైట్, దాని కాఠిన్యం 5.5 నుంచి 6.5 వరకు ఉంటుంది. చిత్రకోట వద్ద ఇంద్రావతి నది దూకే ఇసుకరాతిలో ప్రధానంగా ఉండేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. దాని కాఠిన్యం 7. బీజాపూర్ జిల్లా భోపాలపట్నం సమీపంలోని కుచ్నూర్ పరిసరాల్లో దొరికే కురువిందం కాఠిన్యం 9.

సాధారణ గాజు కాఠిన్యం సుమారు 5.5. అందువల్ల సున్నపురాయి గాజును గీయలేదు. ఇత్తడి, రాగి, మెత్తని ఇనుము కూడా గీయలేవు. కొండగావ్‌లో ఢోక్రా బొమ్మలు పోతపోసే శిల్పి చేతి వాచీకి ఆ ఇత్తడి వల్ల ప్రమాదం తక్కువ. పోత మూసకు వాడే మట్టిలోని ఇసుక రేణువులే అసలు ప్రమాదం. తాళంచెవులు, నాణేల వల్ల వాచీపై గీతలు పడ్డాయని చాలామంది భావిస్తారు. వాస్తవానికి వాటికి అంటుకున్న ఇసుకే సాధారణంగా ఆ పని చేస్తుంది.

బస్తర్ దుమ్ముకు ఎరుపు రంగునిచ్చేది ఇనుప ఆక్సైడ్. అత్యంత మెత్తని పొడి రూపంలో ఇదే పదార్థాన్ని కటకాలకు, ఆభరణాలకు మెరుగు పెట్టడానికి చాలాకాలంగా వాడుతున్నారు. కాబట్టి దుమ్ము ఎర్రగా ఉండటం అపాయానికి గుర్తు కాదు. అందులో కలిసి ఉండే పలుగు రేణువులు, ముతక ఖనిజపు నలకలే గాజుకు శత్రువులు. ఇంద్రావతి, శబరి తీరాల తెల్లని ఇసుక చూడటానికి శుభ్రంగా ఉన్నా, పలుగు ఎక్కువగా ఉండటం వల్ల వాచీకి అదే ఎక్కువ హాని చేస్తుంది.

వాచీ అద్దాల్లో రకాలు

స్మార్ట్‌వాచీల్లో ప్రధానంగా 3 రకాల అద్దాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది ప్లాస్టిక్. బాగా చౌకైన ఫిట్‌నెస్ బ్యాండ్లలో కనిపిస్తుంది. సులువుగా పగలదు, కానీ త్వరగా గీతలు పడుతుంది.

రెండవది బలపరచిన గాజు. అత్యధిక వాచీల్లో ఉండేది ఇదే. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన పొటాషియం లవణంలో గాజును ముంచుతారు. అప్పుడు గాజు ఉపరితలంలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి స్థానంలో పెద్దవైన పొటాషియం అయాన్లు చేరతాయి. ఇరుకైన చోటులో అవి ఒత్తుకుని ఉండటం వల్ల ఉపరితలం బిగుసుకుని, పగుళ్లు విచ్చుకోకుండా అడ్డుకుంటుంది. కార్నింగ్ సంస్థ గొరిల్లా గ్లాస్, యాపిల్ అల్యూమినియం వాచీల్లోని అయాన్-ఎక్స్ గాజు ఈ కోవకు చెందినవే. ఈ ప్రక్రియ వల్ల గాజు దెబ్బను తట్టుకునే శక్తి బాగా పెరుగుతుంది. గీతను తట్టుకునే శక్తి మాత్రం అంతగా పెరగదు. పలుగురాయి దీనినీ గీయగలదు.

మూడవది సఫైర్ క్రిస్టల్, అంటే కృత్రిమంగా పెంచిన కురువిందం. కెంపు, నీలం రెండూ ప్రకృతిలో ఈ ఖనిజపు రూపాలే. ఆంగ్లంలోని ‘కోరండం’ అన్న పేరు దక్షిణ భారత భాషల నుంచి వెళ్లినదే. తమిళంలో కురుందం, తెలుగులో కురువిందం అన్న పేర్లు అందుకు మూలం. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నాయ్ 1902లో కృత్రిమ కెంపుల తయారీ విధానాన్ని ప్రకటించిన తర్వాత ఈ పదార్థం పరిశ్రమలకు అందుబాటులోకి వచ్చింది. యాపిల్ స్టీలు, టైటానియం వాచీల్లోనూ, 2022లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ వాచ్ 5 నుంచి ఆ శ్రేణిలోనూ సఫైర్ అద్దం వాడుతున్నారు. కాఠిన్యం 9 కావడం వల్ల నది ఇసుక దీనిని గీయలేదు. అయితే గట్టిదనం వేరు, పగలకుండా ఉండే గుణం వేరు. సఫైర్ పెళుసైనది. రాతిపై బలంగా పడితే పగిలే అవకాశం ఉంది.

‘9హెచ్’ అంటే ఏమిటి?

దుకాణాల్లో అమ్మే టెంపర్డ్ గ్లాస్ అట్టపెట్టెలపై ‘9హెచ్ కాఠిన్యం’ అని రాసి ఉంటుంది. మోస్ మాపకంలోని 9తో దీనికి సంబంధం లేదు. ఇది పెన్సిల్ పరీక్షకు సంబంధించిన గుర్తు. రంగులు, పూతల గట్టిదనాన్ని తెలుసుకోవడానికి ఉద్దేశించిన ఐఎస్‌వో 15184 ప్రమాణం ప్రకారం, పెన్సిల్‌ను 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో ఉపరితలంపై నెడతారు. 9హెచ్ పెన్సిల్ కూడా గీత పెట్టలేకపోతే ఆ పూతకు 9హెచ్ స్థాయి ఉన్నట్టు. పెన్సిల్ ములుకు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసినది. గాజును అది గీయలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అంటే 9హెచ్ గార్డ్ సఫైర్‌తో సమానం కాదు. అది కూడా గాజే. ఇసుక దానిపైనా గీతలు పెడుతుంది. అసలు తెరకు పడవలసిన గీతను తాను తీసుకుని, తర్వాత తేలికగా మార్చుకునేందుకు వీలు కల్పించడమే దాని ప్రయోజనం.

ఈ ప్రయోజనం అందం వరకే పరిమితం కాదు. గాజు తన సహజ బలం కన్నా ఎంతో తక్కువ ఒత్తిడికే పగలడానికి కంటికి కనిపించని సన్నని పగుళ్లే కారణమని బ్రిటిష్ ఇంజినీరు ఏ.ఏ.గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. లోతైన గీత ఉన్న చోట ఒత్తిడి కేంద్రీకృతమై, తర్వాతి దెబ్బకు అద్దం అక్కడి నుంచే చీలవచ్చు. ఈ రోజు పడిన గీత రేపటి పగులుకు దారి కాగలదు.

రక్షణ పొరల్లో ఏది మేలు?

టీపీయూ, హైడ్రోజెల్ పేర్లతో అమ్మే మెత్తని పొరలు ప్లాస్టిక్‌తో చేసినవి. అంచులు వంగిన తెరలపై చక్కగా అతుకుతాయి. తేలికపాటి గీతలు కొంతసేపటికి వాటంతటవే పూడుకుంటాయి. దెబ్బల నుంచి మాత్రం పెద్దగా కాపాడవు.

టెంపర్డ్ గ్లాస్ చదునైన తెరలకు అనువైనది. అంచుల్లో మాత్రమే జిగురు ఉండే రకాల్లో మధ్యలో గాలి పొర మిగిలి, వేలి తాకిడిని తెర గుర్తించకపోవచ్చు. పూర్తిగా జిగురు ఉన్నదే కొనడం మంచిది.

అతినీలలోహిత కాంతితో గట్టిపడే ద్రవపు జిగురుతో అతికించే గాజుల విషయంలో జాగ్రత్త అవసరం. ఆ ద్రవం బొత్తాముల సందుల్లోకి, స్పీకరు, మైకు రంధ్రాల్లోకి జారితే వాచీ దెబ్బతింటుంది.

తెర చుట్టూ అంచును కూడా కప్పే ప్లాస్టిక్ తొడుగులు దెబ్బల నుంచి ఎక్కువ రక్షణ ఇస్తాయి. వాచీ కింద పడినప్పుడు చాలాసార్లు ముందుగా దెబ్బ తగిలేది అంచులకే కావడం ఇందుకు కారణం. కానీ తొడుగుకు, వాచీకి మధ్య ఇసుక, చెమట చేరి నిలిచిపోతాయి. వాటిని తరచూ విప్పి కడగకపోతే రక్షణ కోసం వేసిన తొడుగే రాపిడికి కారణమవుతుంది.

రక్షణ పొర చేయలేనివి

గార్డ్ పగిలినప్పుడు ‘అది లేకపోతే తెర పగిలేది’ అనుకోవడం పరిపాటి. ఇది అన్నిసార్లూ నిజం కాదు. గార్డ్‌లోని పలుచని గాజు అసలు తెర తట్టుకోగల దెబ్బకు కూడా పగలవచ్చు. పగిలిన గార్డ్‌ను అలాగే ఉంచితే పెచ్చులు వేలికి గుచ్చుకుంటాయి, సందుల్లోకి దూరిన ఇసుక కింది తెరను గీస్తుంది.

గార్డ్ వల్ల వాచీ నీటి నిరోధక స్థాయి పెరగదు. గుండె వేగాన్ని కొలిచే సెన్సర్లు వాచీ అడుగు భాగంలో ఉంటాయి కనుక, తెరపై పొర వాటికి అడ్డం కాదు. అయితే పక్క బొత్తాము లేదా అంచుపై వేలు ఆనించి ఈసీజీ తీసే వాచీల్లో, ఆ భాగాన్ని కప్పే తొడుగు ఉంటే కొలత సరిగా రాకపోవచ్చు.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు?

వాచీ మోడల్ వివరాల్లో అద్దం రకం రాసి ఉంటుంది. ముందుగా దానిని చూసుకోవాలి. బలపరచిన గాజు లేదా ప్లాస్టిక్ తెర ఉండి, ఇసుక, మట్టి, ఖనిజపు దుమ్ము మధ్య పనిచేసేవారికి గార్డ్ ఉపయోగకరం. పొలంలో, ఇటుక బట్టీలో, నిర్మాణ పనిలో, గని పరిసరాల్లో ఉండేవారు, మట్టిదారుల్లో ద్విచక్ర వాహనంపై తిరిగే ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు ఈ కోవలోకి వస్తారు. వీరు ఖరీదైన ఒక్క గార్డ్ కన్నా చౌకైనవి రెండు మూడు దగ్గర ఉంచుకుని, పాడైనప్పుడల్లా మార్చుకోవడం మేలు.

సఫైర్ అద్దం ఉన్న వాచీకి గీతల భయంతో గార్డ్ వేయనక్కరలేదు. మెత్తనిదానితో గట్టిదానిని కప్పినట్టవుతుంది. రాళ్లపై, యంత్రాల మధ్య దెబ్బలు తగిలే పని అయితే అంచును కాపాడే తొడుగు గురించి ఆలోచించవచ్చు. కార్యాలయంలో, ఇంట్లో పనిచేసేవారికి గాజు తెర అయినా గార్డ్ తప్పనిసరి కాదు.

రక్షణ పొర ఉన్నా లేకున్నా పాటించవలసినవి

దుమ్ము పట్టిన వాచీని తువ్వాలుతోనో చొక్కా అంచుతోనో రుద్దడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. గుడ్డ కింద చిక్కిన ఇసుక రేణువులు ఆకురాయిలా పనిచేస్తాయి. 5 ఏటీఎం వంటి నీటి నిరోధక గుర్తు ఉన్న వాచీ అయితే, ముందుగా శుభ్రమైన నీటితో ఇసుకను కడిగివేసి, ఆ తర్వాత మెత్తని గుడ్డతో అద్దాలి. వాచీ పాతబడే కొద్దీ నీటిని ఆపే రబ్బరు బిగింపులు బలహీనపడతాయి కనుక, ధారగా వచ్చే వేగవంతమైన నీటి కింద పెట్టకూడదు. అటువంటి గుర్తు లేని వాచీపై దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, తడి గుడ్డతో తేలికగా తుడవాలి.

కొత్త గార్డ్ అతికించేటప్పుడు ఫ్యాన్ ఆపి, గాలి వీచని గదిలో కూర్చోవాలి. తెరపై ఒక్క రేణువు కూడా మిగలకుండా చూసుకోవాలి. అంచు లేచిన గార్డ్‌ను వెంటనే తీసివేయాలి. నది ఒడ్డున ఇసుకలో పనిచేసేటప్పుడు, కొలిమి దగ్గర ఉన్నప్పుడు, తిరిగే యంత్రాల పక్కన నిలబడినప్పుడు వాచీని విప్పి జేబులో ఉంచుకోవడం తెరకూ చేతికీ కూడా క్షేమం. ఏ గార్డ్ ఇవ్వలేని ఆ రక్షణకు పైసా ఖర్చు కూడా లేదు.