కోనేటిలో దించేదెవరు?



తాగుడు మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. ఒక్క సంగతి మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఈ రోజు దానితోనే మొదలుపెడతాము.

కొన్నేళ్ల క్రితం ప్రార్థన కూటంలో ఒక సహోదరుడు ముందుకు వచ్చి మోకరించాడు. ఇరవై ఏళ్లుగా రోజూ తాగే మనిషి. ఆ రాత్రి నుంచే మానేస్తానని కన్నీళ్లతో దేవునికి మాట ఇచ్చాడు. అందరం స్తోత్రాలు చెల్లించి ఇళ్లకు పోయాము. మూడో రోజు రాత్రి అతని భార్య ఫోన్ చేసింది. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చెమటలు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తున్నాడు, కన్నకొడుకును గుర్తుపట్టడం లేదు అంది. మేము దురాత్మ అనుకున్నాము. నలుగురం వెళ్లి తెల్లవారుజాము దాకా ప్రార్థించాము. ఫిట్స్ వచ్చాక గానీ ఆసుపత్రికి తీసుకుపోలేదు. అక్కడి డాక్టరు గారు మమ్మల్ని ఒక్కటే అడిగారు: "ఇంతసేపు ఏం చేశారు?"

దేవుని కృపవల్ల ఆ సహోదరుడు బతికాడు. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. దానికి జవాబు వెదుక్కుంటూ చదివిన చరిత్రే ఇది.

దుకాణం మూయించిన తల్లులు

మనం ఉండే సుబేదారికి ఆ పేరు నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన సుబేదారు వల్ల వచ్చింది. ఆ రోజుల్లోనే అబ్కారీ ప్రభుత్వానికి పెద్ద రాబడి. ప్రభుత్వాలు మారాయి, రాబడి మాత్రం ఆగలేదు. ఆ రాబడి వెనక ఏడ్చే ఇళ్లను లోకానికి చూపించింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరదీపం రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్న ఆ తల్లులు 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఆ తల్లుల ధైర్యానికి మేము తలవంచుతాము. అయితే దుకాణం మూసిన మర్నాడు తాగే మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది, అతన్ని ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్న ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ అడగలేదు. ప్రభుత్వానికి మద్యం ఆదాయం. పోలీసుకు అది కేసు. మాలాంటి కాపరులకు పాపం. మంచం మీద వణికే మనిషిని రోగిగా చూసేవారు తక్కువ.

ఆ ప్రశ్న మన తెలంగాణలోనే గట్టిగా ఎదురైంది. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ లాంటి మత్తుమందులు కలిపేవారు. అది ఒక్కసారిగా దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దగ్గర మళ్లీ అదే జరిగింది. మేము ఆ రాత్రి దురాత్మ అనుకున్నది కూడా ఇలాంటిదే. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడు, అది హఠాత్తుగా ఆగిపోతే తిరగబడుతుంది. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెదిరి లేనివి కనబడతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మందులు వాడుతూ మానిపిస్తే ఈ గండం దాటించవచ్చు.

ఫోన్ నంబర్లు ఇచ్చిన పాస్టరు గారు

ఇప్పుడు కొంచెం దూరం పోదాము. 1935 మే నెల, అమెరికాలోని ఆక్రన్ పట్టణం. బిల్ విల్సన్ అనే వ్యాపారి అక్కడికి పని మీద వచ్చాడు. పని చెడిపోయింది. అతను తాగుడు మాని అయిదు నెలలే అయింది. హోటల్ వరండాలో ఒకవైపు బార్, మరోవైపు టెలిఫోన్. తాగే మరో మనిషితో మాట్లాడితేనే తాను నిలబడగలనని అతనికి తెలుసు. అందుకని చర్చీల జాబితా చూసి వాల్టర్ టంక్స్ అనే పాస్టరు గారికి ఫోన్ చేశాడు. ఆయన కొందరి పేర్లు, నంబర్లు ఇచ్చారు. వాటి ద్వారా బిల్‌కు ఒక సహోదరి పరిచయమైంది. ఆమె అతన్ని బాబ్ స్మిత్ అనే డాక్టరు గారితో కలిపింది. ఆ డాక్టరు గారు కూడా తాగుడుకు బానిసే. జూన్ 10న ఆయన చివరిసారి తాగారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. 1957 నాటికి అది బొంబాయి చేరింది.

బిల్ అంతకుముందు ఎంతోమంది తాగుబోతులకు తన సాక్ష్యం చెప్పాడు, ఒక్కరూ మారలేదు. అతనికి వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్ గారు ప్రసంగాలు తగ్గించి, ముందు ఇది రోగమని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పమన్నారు. బాబ్ గారి దగ్గర అతను అదే చేశాడు. అలాగని వాళ్లు దేవుణ్ణి పక్కన పెట్టలేదు. ఆ మొదటి గుంపుకు యాకోబు పత్రిక ఎంతో ఇష్టం. తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకోవాలన్న మాట వాళ్ల పద్ధతిలోనే ఉంది.

ఆ పాస్టరు గారు ఆ రోజు చేసింది ఫోన్ నంబర్లు ఇవ్వడమే. మేము ఆ రాత్రి చేయనిది కూడా అదే.

మద్రాసులో ఒక విధవరాలు

మన పక్కనే మద్రాసులో శాంతి రంగనాథన్ గారి భర్త తాగుడు వల్ల 1979లో చనిపోయారు. పేరున్న టి.టి.కె. కుటుంబం, డబ్బుకు లోటు లేదు. లేనిదల్లా ఇలాంటి వారికోసం ప్రత్యేకంగా చికిత్స చేసే చోటు. ఆమె తన దుఃఖాన్ని దాచుకోలేదు. 1980లో భర్త పేరుమీద టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ మొదలుపెట్టారు. అక్కడ ముందు మందులతో ఒంటిని కుదుటపరుస్తారు. తర్వాత కౌన్సెలింగ్. తాగే మనిషితో పాటు భార్యాపిల్లలకు కూడా కౌన్సెలింగ్ ఉంటుంది. ఎందుకంటే ఆ ఇంట్లో అందరూ గాయపడి ఉంటారు. తర్వాత పల్లెల్లో కూడా చికిత్సా శిబిరాలు నడిపారు. దూబగుంట తల్లులు దుకాణం మూయించిన 1992లోనే ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అక్కడ దుకాణానికి తాళం, ఇక్కడ రోగికి మంచం. రెండూ ఆడవాళ్ల కన్నీళ్లలో నుంచే వచ్చాయి.

ముప్పై ఎనిమిది

2019లో ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశవ్యాప్త సర్వే నివేదిక ఇచ్చారు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక సహాయం అందింది ఒక్కరికే. ఆ అంకె చూడగానే మాకు యోహాను సువార్త 5వ అధ్యాయం గుర్తొచ్చింది. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిది ఏండ్లుగా రోగంతో ఉన్న ఒక మనిషి పడి ఉన్నాడు. ప్రభువు అతన్ని ముందు ఒక ప్రశ్న అడిగాడు, బాగుపడాలని ఉందా అని. అతను చెప్పుకున్న బాధ, తనను నీళ్లలో దించే మనిషి లేడని. అంతమంది నడిచిపోయే చోట ఒక్క మనిషి లేడు. సంఘమా, మన గుడి మెట్ల మీద కూడా అలాంటివారు ఉన్నారేమో.

కొందరు విశ్వాసులు అడుగుతారు: "అయ్యగారూ, ప్రార్థన చాలదా? డాక్టరు దగ్గరికి పోతే విశ్వాసం తక్కువైనట్టు కాదా?" లాజరును సమాధిలో నుంచి పిలిచింది ప్రభువే. కానీ అతని కట్లు విప్పే పని ఆయన అక్కడున్న మనుషులకు అప్పగించాడు. ప్రాణమిచ్చేది ఆయనే. కట్లు విప్పే చేతులు డాక్టరువి, కౌన్సెలర్‌వి, భార్యవి, మనవి. షుగరుకు మాత్ర వేసుకుంటే అవిశ్వాసం అనము కదా.

చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన కిందికి తెచ్చింది. వైద్యం పొందే హక్కు, వివరాలు గోప్యంగా ఉండే హక్కు రోగికి ఉన్నాయి. కాబట్టి పరువు పోతుందని ఆగకండి. మన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మత్తు విముక్తి కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. మనసు బాధకు టెలి మానస్ 14416. రెంటికీ డబ్బు కట్టనక్కరలేదు.

ఆ సహోదరుడి సంగతి చెప్పి ముగిస్తాము. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను ఏడు నెలలు నిలబడ్డాడు, మళ్లీ పడ్డాడు. ఈసారి సంఘం ముందుకు రాలేదు, సిగ్గుపడ్డాడు. ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "అయ్యగారూ, నాకు ప్రార్థన చేయండి, రేపు డాక్టరు దగ్గరికి నాతో రండి" అన్నాడు. రెండూ చేశాము. పొద్దున బస్సులో పక్కపక్కన కూర్చుని పోయాము. ఇప్పటికీ నెలకోసారి పోతున్నాము.

మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఒక్కసారిగా మానేయమని ఒట్టు వేయించకండి. ముందు డాక్టరుకు చూపించండి. తోడు ఎవరూ లేకపోతే మాకు చెప్పండి, మేము వస్తాము. ఏ వేళైనా ఫర్వాలేదు.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.