తిరువైయారు పందిట్లో కలిసిన గొంతులు

ఏటా పుష్య బహుళ పంచమి నాటి ఉదయం కావేరి ఒడ్డున తిరువైయారులో వందల మంది విద్వాంసులు ఎదురెదురుగా వరసలు కట్టి కూర్చుని త్యాగరాజు ఘనరాగ పంచరత్నాలను కలిసి పాడతారు. ఆకాశవాణిలో విన్నా, టీవీలో చూసినా, ఆ మహానుభావుడు కన్నుమూసిన నాటి నుంచీ సాగుతున్న ఆచారమిది అనిపిస్తుంది. ఆయన సిద్ధి పొందింది 1847 జనవరి 6న. ఈ గోష్ఠిగానం మొదలైంది 1940–41 ప్రాంతంలో. మధ్యలో దాదాపు నూరేళ్లు గడిచాయి. ఆ నూరేళ్లలో సమాధి పాడుబడింది, శిష్యుల వారసులు రెండు పక్షాలై ఎడమొహం పెడమొహంగా ఉన్నారు, ఆడవాళ్లకు పాడే హక్కు లేదన్నారు. ఇవాళ స్నేహితులు కూడబలుక్కుని రైలెక్కి వెళ్లి, పక్కపక్కన కూర్చుని గొంతు కలిపే ఆ సంతోషం ఒక తగాదా తీరినప్పుడు పుట్టిందే.

త్యాగరాజు చివరి రోజుల్లో సన్యాసం పుచ్చుకున్నారు. అందుకే ఆయనకు కావేరి గట్టున సమాధి కట్టారు. శిష్యులు చాలాకాలం ఎవరి ఊళ్లో వాళ్లు గురువుగారి తిథి జరుపుకున్నారు. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ తిరువైయారు వచ్చి, శిథిలమైపోయిన సమాధిని చూసి బాగు చేయించారు. త్యాగరాజును కళ్లారా చూసి ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లలో ఆఖరి తరం వాళ్లది. ఆ తర్వాత కొన్నేళ్లకు తిల్లైస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ అక్కడే ఆరాధనను ఉత్సవంగా నిర్వహించసాగారు. పూజ, భజన, కచేరీలు, అన్నదానం అన్నీ కుదురుకున్నాయి.

అన్నదమ్ముల మధ్య మాత్రం కుదరలేదు. అన్నగారిది ‘పెరియ కట్చి’ (పెద్ద పక్షం), తమ్ముడిది ‘చిన్న కట్చి’ (చిన్న పక్షం) అయింది. విద్వాంసులూ, చందాలిచ్చే పెద్దలూ ఏదో ఒక పక్షం వహించక తప్పలేదు. ఒకరు పంచమితో ముగిసేలా ముందురోజుల్లో ఉత్సవం చేస్తే, మరొకరు పంచమి నాడు మొదలుపెట్టి తర్వాతి రోజుల్లో చేసేవారు. ఒకే గురుపరంపర, ఒకే సమాధి, పందిళ్లు మాత్రం రెండు. రెండు పక్షాలకూ ఏకాభిప్రాయం ఉన్న సంగతి ఒకటే: ఆడవాళ్లు అక్కడ పాడకూడదు.

బెంగళూరు నాగరత్నమ్మ ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టారు. మద్రాసులో గాయనిగా పేరూ ఆస్తీ సంపాదించారు. తెలుగు పాఠకులు ఆమెను కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి వావిళ్ల వారి చేత అచ్చు వేయించిన మనిషిగా ఎరుగుదురు. ఆ పుస్తకం నిషేధానికి గురైంది, ఆ నిషేధం తొలగేసరికి స్వాతంత్ర్యం వచ్చే వేళయింది. 1921లో గురువు బిడారం కృష్ణప్ప నుంచి, త్యాగరాజ సమాధి దిక్కులేకుండా పడి ఉందని ఉత్తరం వచ్చింది. ఆమె తిరువైయారు వెళ్లి, స్థలం సంపాదించి, సొంత సొమ్ముతో ఆలయం కట్టించడం మొదలుపెట్టారు. నగలు సైతం అమ్ముకున్నారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది.

అంతా అయ్యాక, తాను కట్టించిన గుడి ముందు హరికథ చెప్పుకుంటానంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఆమె అర్జీలు పెట్టారు, వాదించారు. చివరికి సమాధి వెనక వైపు ఆడవాళ్లతో మరో ఆరాధన ప్రారంభించారు. అలా మూడో పక్షం, ‘పెణ్‌గళ్ కట్చి’ (ఆడవాళ్ల పక్షం), ఏర్పడింది. దేవదాసీలు బృందాలుగా వచ్చి అక్కడ పాడారు. ఆ రోజుల్లో వాళ్ల బతుకుదెరువు మీద, పరువు మీద నలువైపుల నుంచీ దాడి జరుగుతోంది. తోటివాళ్లతో కలిసి త్యాగరాజు సన్నిధిలో నిర్భయంగా పాడుకోగల చోటు వాళ్లకు ఇంకెక్కడుంది? పాటకచేరీల చరిత్రలు రాసేవాళ్లు ఈ మూడో పందిరిని రెండు వాక్యాల్లో దాటేస్తుంటారు. తిరువైయారులో కలిసి పాడటంలోని ఆనందాన్ని మొదట రుచి చూసింది ఈ వెనక పందిరివాళ్లేనని నా నమ్మకం.

మూడు పక్షాల్ని ఒక్కటి చేసిన ఘనత ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామికీ, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటి విద్వాంసులకూ దక్కుతుంది. 1940–41లో ఉత్సవం ఒకే నిర్వాహక సభ కిందికి వచ్చింది, ఆడవాళ్లకూ చోటు దొరికింది. ఎవరు ముందు పాడాలి, ఎవరికెంత సమయం అన్న పేచీలకు విరుగుడుగా, అందరూ కలిసి పాడే అంశం ఒకటి ఉత్సవానికి కేంద్రమైంది. దానికి పంచరత్నాల కంటే తగినవి లేవు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో అయిదు కృతులు, అయిదూ ఆది తాళమే. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. స్వరమూ సాహిత్యమూ త్యాగరాజు కూర్చినట్టే పాడాలి కనక, పాడేవాళ్లు మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడే నేర్పు, చూపించనక్కర్లేదు. కచేరీలో విద్వాంసుడి గొప్పంతా ఆ మనోధర్మంలోనే ఉంటుంది. దాన్ని కాసేపు గట్టున పెట్టి, పదేళ్ల కుర్రవాడు పాడినట్టే మహావిద్వాంసుడూ పాడాలి.

చిక్కులు లేకపోలేదు. గురుపరంపరను బట్టి పాఠాంతరాలు మారతాయి. ఒకరి సంగతి మరొకరికి తప్పుగా వినిపిస్తుంది. వరాళి నేర్పితే గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలు వస్తాయన్న నమ్మకం వల్ల ఆ కృతిని చాలామంది విని పట్టుకున్నారే తప్ప కూర్చుని నేర్చుకోలేదు. ఆరభి కృతిలో చరణం అయ్యాక పల్లవికి కాకుండా మరో చోటికి వెళ్లాలి. పరాకుగా ఉన్నవాడు దొరికిపోయేది అక్కడే. సంగీతం లెక్కన చూస్తే ఈ గోష్ఠిగానం ఏడాదిలో వినే మంచి పాటల్లో చేరదు. అన్ని గొంతుల మధ్య శ్రుతి అటూ ఇటూ అవుతుంది, కాలం పరుగెడుతుంది. విమర్శకులు ఈ మాట అంటూనే ఉంటారు, మరుసటి ఏడాదికి మళ్లీ వెళుతూనే ఉంటారు.

వాళ్లను అక్కడికి లాక్కెళ్లేది పాట ఒక్కటే కాదు. తిరువైయారుకు రైలు లేదు. తంజావూరులో దిగి బస్సో కారో పట్టుకోవాలి. ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లు జట్లుగా వస్తారు. ఎప్పుడో విడిపోయిన సహపాఠులు పందిట్లో ఎదురుపడతారు. వేకువన నాగస్వరం, త్యాగరాజు ఇంటి నుంచి సమాధి దాకా ఉంఛవృత్తి భజన, ఆ తర్వాత వేణువులు, అప్పుడు పంచరత్నాలు. ఒక పుస్తకంలోకి ఇద్దరు ముగ్గురు తొంగిచూస్తూ పాడతారు. ఆ పుస్తకాల్లో తెలుగు సాహిత్యం ఎక్కువగా తమిళ లిపిలోనే ఉంటుంది. ఒకడికి చరణం గుర్తు రాకపోతే పక్కవాడి గొంతు అందుకుని సాగిపోతాడు. రోజుల తరబడి సాగే కచేరీల్లో కళాకారులు పారితోషికం పుచ్చుకోరు. ఎంత పెద్దవారైనా తమకిచ్చిన కొద్ది నిమిషాల్లో పాడి దిగాల్సిందే.

తిరువైయారులో పక్షాలు ఒక్కటైన ఆ రోజుల్లోనే, 1941లో, అన్నామలైనగర్‌లో తమిళ ఇసై (తమిళ సంగీత) సమావేశం జరిగింది. తమిళనాట కచేరీల్లో తమిళ పాటకు పెద్దపీట వేయాలన్న ఆ కోరిక న్యాయమైనదే. తెలుగువాళ్లం దాన్ని మన భాష మీద దాడిగా చదువుకోవడం పొరపాటు. ఆ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లోనే, తెలుగు మాతృభాష కాని వేలమంది తిరువైయారులో తెలుగు కృతులకు గొంతు కలపడం కూడా ఊపందుకుంది. రెండూ ఒకే కాలంలో, ఒకే నేల మీద సాగాయి.

తెలుగునాట ఈ ఆరాధనకు విజయవాడ పెద్ద కేంద్రం. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన నుంచి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు అందుకున్న పరంపర అక్కడ వేళ్లూనింది. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి మురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో పూర్తి కచేరీ చేసింది విజయవాడ ఆరాధనలోనే. అది విని హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆయన పేరు ముందు ‘బాల’ చేర్చారు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్‌లో కొందరు సంగీతాభిమానులు 1978లో చిన్నగా మొదలుపెట్టిన ఆరాధన ఇప్పుడు పదిరోజులకు పైగా సాగుతోంది. దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు, స్నేహితుల జట్లు వచ్చి అక్కడ పంచరత్నాలు పాడతారు. తిల్లైస్థానం సోదరులు ఎవరి ఉత్సవం పంచమికి ముందు, ఎవరిది తర్వాత అని పంచుకున్న తిథిని క్లీవ్‌లాండ్ నిర్వాహకులు అసలు పట్టించుకోలేదు. పుష్యమాసంలో అక్కడ మంచు, బడులకు సెలవులుండవు. అందరూ రాగలిగేలా ఆరాధనను ఈస్టర్ రోజులకు మార్చుకున్నారు.