గ్యారేజీలోకి దిగిన బ్యాండ్ సా

1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే మహిళ పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆమె కనిపెట్టింది కొత్త యంత్రం కాదు, ఒక అతుకు. సన్నటి ఉక్కు పట్టీ రెండు కొసల్నీ కలిపి వలయం చేస్తే, ఆ కలిపినచోట తెగకుండా ఉండే అతుకు. వడ్రంగం చరిత్ర రాసేవాళ్లు ఆమెకు ఒకటి రెండు వాక్యాలకు మించి చోటివ్వరు. ఆ అతుకే లేకపోతే ఈ రోజు సరదా కోసం వడ్రంగం చేసుకునేవాడు ఏ బ్యాండ్ సా కొనాలా అని తల పట్టుకునే అవసరమే వచ్చేది కాదు.

బ్యాండ్ సా ఊహ అప్పటికే పాతది. ఇంగ్లండ్‌లో విలియం న్యూబెరీ 1809 నాటికే దానికి పేటెంటు పొందాడు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటినీ చుట్టి పళ్లున్న ఉక్కు పట్టీ. చక్రం తిరిగితే పట్టీ తిరుగుతుంది, మధ్యలో పెట్టిన చెక్క తెగుతుంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. మామూలు రంపం ముందుకు పోయేటప్పుడే కోస్తుంది, వెనక్కి లాగిన శ్రమంతా దండగ. దీనికి ఆ వెనకడుగు లేదు, కోత ఆగదు.

చిక్కంతా ఉక్కుతోనే. ఇనుప తీగను వేళ్లతో అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపు ఏమీ కాదు, తర్వాత ఉన్నట్టుండి పుటుక్కున తెగుతుంది. పట్టీ చక్రం ఎక్కిన ప్రతిసారీ వంగుతుంది, దిగిన ప్రతిసారీ నిటారవుతుంది. ఇప్పటి చిన్న బ్యాండ్ సానే తీసుకుంటే, నిమిషానికి 3000 అడుగుల వేగంతో తిరిగే 93½ అంగుళాల బ్లేడు నిమిషానికి సుమారు 385 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు రెండు వంపులు. అరగంట పని చేస్తే 23 వేల వంపులు. న్యూబెరీ కాలంలో దొరికే ఉక్కుకు అంత ఓపిక లేదు. ఉక్కు ఓర్చుకున్నా అతుకు ఓర్చుకునేది కాదు. 1836లో అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన బెంజమిన్ బార్కర్ కూడా బ్యాండ్ సాకు పేటెంటు తీసుకున్నాడు గానీ, దానితో పని పెద్దగా ముందుకు కదల్లేదు.

క్రెపాన్ తన పద్ధతిని వాడుకునే హక్కును పారిస్‌లోని పెరాన్ కంపెనీకి అమ్మారు. మేలైన ఉక్కు, పానం పట్టడంలో వచ్చిన మెళకువలు, ఆమె అతుకు కలిశాకే నిలిచే బ్లేడు పుట్టింది. అప్పటినుంచి చాలాకాలం బ్యాండ్ సా అంటే ఫ్రెంచి బ్లేడే. కుర్చీ కాళ్లు, బండిచక్రాల వంకర ముక్కలు, పోత పోయడానికి చేసే చెక్క అచ్చులు, ఇలా వంపు ఉన్న ప్రతి పనీ యూరప్‌లోని కార్ఖానాల్లో దీని మీదికి వచ్చింది.

మొద్దులు కోసే మిల్లుల్లోకి రావడానికి మరికొంత కాలం పట్టింది. అక్కడ గుండ్రటి రంపం ఏలుబడి సాగుతోంది. దానికి కండ ఉంది గానీ కలపను దుబారా చేస్తుంది. పెద్ద మొద్దును కోసే గుండ్రటి రంపం ప్రతి కోతకూ పావు అంగుళం, ఒక్కోసారి అంతకు మించి కలపను పొట్టు చేస్తుంది. అంగుళం మందం పలకలు తీస్తే ఐదో వంతు మొద్దు పొట్టుకింద పోయినట్టే. బ్యాండ్ సాకు దాదాపు అందులో సగం కోత చాలు. అమెరికాలో అడవులు తరగనివి అనుకున్నంతకాలం మిల్లు యజమానులకు ఈ లెక్క పట్టలేదు. 19వ శతాబ్దం చివరికి మంచి మొద్దు ఖరీదయ్యాక పట్టింది.

మన వైపు కూడా దుంగను ఎత్తుమీద పెట్టి పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పెద్ద రంపం లాగిన రోజులు ముసలివాళ్లకు గుర్తే. కిందివాడి కంట్లో పొట్టు, పైవాడి నడుములో నొప్పి. కలప అడితుల్లో, సామిల్లుల్లో ఆ ఇద్దరి పని తీసుకున్నది బ్యాండ్ సాయే. నిలువెత్తు చక్రాలు, పట్టాల మీద దుంగను మోసుకొచ్చే ట్రాలీ. తెలుగు ఊళ్లలో చాలామందికి బ్యాండ్ సా అంటే ఇప్పటికీ ఆ మిల్లే గుర్తొస్తుంది తప్ప ఇంట్లో ఒక మూల పెట్టుకునే యంత్రం కాదు.

కార్ఖానా బ్యాండ్ సా కూడా మొదట్లో ఇంటికి పనికొచ్చేది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని క్రెసెంట్, గ్రాండ్ రాపిడ్స్‌లోని ఆలివర్, టానెవిట్జ్ లాంటి కంపెనీలు చేసిన వాటికి 30 అంగుళాలు, 36 అంగుళాల చక్రాలు. మొత్తం పోత ఇనుము. లేపడానికి పదిమంది కావాలి, నిలపడానికి గట్టి నేల కావాలి, తిప్పడానికి కప్పు కింద పొడుగునా సాగే ఇరుసు, దానినుంచి దిగే తోలు బెల్టు కావాలి. అంత పెద్ద చక్రం ఆర్భాటం కోసం పెట్టింది కాదు. బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతు దాటకూడదని పనివాళ్లలో ఒక పాత సూత్రం ఉంది. 36 అంగుళాల చక్రమైతే బ్లేడు 0.036 అంగుళాల మందం ఉండొచ్చు. చక్రం చిన్నదైతే వంపు బిగుసుకుంటుంది, బ్లేడు త్వరగా అలిసిపోతుంది. న్యూబెరీని ఓడించిన సమస్యకే ఇది లెక్కల రూపం.

ఇంటికి సరిపడే బ్యాండ్ సా రావాలంటే రెండు జరగాలి: చిన్న కరెంటు మోటారు చవకగా దొరకాలి, దాన్ని నడపాలన్న సరదా ఉన్నవాళ్లు వేలల్లో ఉండాలి. 1920లు, 30ల అమెరికాలో రెండూ జరిగాయి. మిల్వాకీ నగరంలో హెర్బర్ట్ టాట్జ్ 1919లో పెట్టిన డెల్టా స్పెషల్టీ కంపెనీ చిన్న చిన్న పనిముట్లతో మొదలై ఇంటి వర్క్‌షాపులకు యంత్రాలు చేయడంలో ముందుకు దూసుకుపోయింది. డెల్టాగ్రామ్ అనే పత్రిక కూడా నడిపింది. అందులో ఇంట్లో చేసుకునే బల్లలు, బొమ్మలు, వాటి కొలతలు ఉండేవి. ఏం చేయాలో చెప్పి, దాన్ని చేయడానికి యంత్రం అమ్మే తెలివైన వ్యాపారం అది. ఆర్థిక మాంద్యం నడుస్తుండగానే ఇదంతా సాగింది.

1930ల మధ్యలో ఆ కంపెనీ 14 అంగుళాల చక్రాల బ్యాండ్ సా తెచ్చింది. ఇంటి వడ్రంగి తలరాత అక్కడే రాసేశారని చెప్పాలి. కింద ఒక పోత ఇనుప ముక్క, దాని మీద బోల్టుతో బిగించిన వంపు చెయ్యి. పక్కనుంచి చూస్తే ముందు వైపు తెరుచుకున్న చట్రం. కోతకు ఆరు అంగుళాల ఎత్తు చెక్క పడుతుంది. అంతకు మించిన ఎత్తు కావాలంటే రెండు ముక్కల మధ్య ఆరు అంగుళాల దిమ్మె పెట్టి, 93½ అంగుళాల బ్లేడు తీసేసి 105 అంగుళాలది వేసుకోవాలి. ఇద్దరు మనుషులు కదపగలిగిన బరువు, గ్యారేజీలో కారు పక్కన పట్టే వెడల్పు. రాజీ అయినా చక్కగా కుదిరిన రాజీ.

అయితే వెయ్యో వంతు సూత్రం ప్రకారం 14 అంగుళాల చక్రానికి 0.014 అంగుళాల బ్లేడే తగింది. దుకాణాల్లో ఎక్కువగా దొరికే అరంగుళం వెడల్పు బ్లేడు మందం 0.025. అంటే ఇంటి వడ్రంగి మొదటి రోజునుంచే సూత్రాన్ని అతిక్రమిస్తున్నాడు. వారం వారం తిప్పేవాడికి ఇది పెద్దగా తెలియదు, రోజంతా తిప్పితే తెలుస్తుంది. ఇంకా చవకగా, ఇంకా చిన్నగా చేయాలని మూడు చిన్న చక్రాలతో వచ్చిన యంత్రాలున్నాయి. వాటిలో బ్లేడు మరింత బిగుతుగా, చుట్టుకు మూడుసార్లు వంగాలి. పటపటా తెగే బ్లేడ్లకు అవి పేరుబడ్డాయి. 1809 నాటి తప్పును సొమ్ము పెట్టి కొనుక్కోవడమే అది.

డబ్బు లేనివాళ్లకు ఇంకో దారి కూడా ఉండేది. గిలియమ్ అనే కంపెనీ చక్రాలు, ఇరుసులు లాంటి లోహపు సామాను, నమూనా కాగితాలు అమ్మేది. చట్రం కొన్నవాడే చెక్కతో చేసుకోవాలి. రంపం చేయడానికి ముందు ఇంకో రంపం కావాలన్నది వేరే సంగతి.

1945లో రాక్‌వెల్ కంపెనీ డెల్టాను కొంది. యంత్రం పెద్దగా మారలేదు. దాన్ని వాడే మనుషులు మారారు. 1975లో అమెరికాలో ఫైన్ వుడ్‌వర్కింగ్ పత్రిక మొదలైంది. మరుసటి ఏడాది సైబీరియాలో పుట్టి స్వీడన్‌లో పని నేర్చిన జేమ్స్ క్రెనోవ్ తొలి పుస్తకం వచ్చింది. మంచి దుంగ ముక్కను బ్యాండ్ సా మీద నిలబెట్టి రెండు మూడు మిల్లీమీటర్ల పలచని రేకులుగా చీల్చి, పక్కపక్కన అతికించి అల్మారా తలుపు చేయడం ఆయన పద్ధతి. అదే సమయంలో కాలిఫోర్నియాలో శామ్ మలూఫ్ ఊగే కుర్చీల చేతులను, కాళ్లను ఏ ఆధారమూ లేకుండా చేతులతోనే తిప్పుతూ బ్యాండ్ సా మీద కోసేవాడు. చూసినవాళ్లను మాత్రం ఇలా చేయొద్దని హెచ్చరించేవాడు. ఇద్దరి పని చూసి వందలమందికి ఆశ పుట్టింది. క్రెనోవ్ దారిలో వెళ్లేవాడికి ఎత్తు కావాలి, బ్లేడు బిగువు కావాలి. మలూఫ్ దారిలో వెళ్లేవాడికి సన్న బ్లేడు, భయం లేని చెయ్యి చాలు. ఏ బ్యాండ్ సా కొనాలన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు ఉన్నాయని అప్పుడే తేలింది. ఇప్పటికీ సలహాలిచ్చేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి కొత్తవాణ్ని తికమక పెడుతుంటారు.

గిరాకీ పెరిగేసరికి తైవాన్ పోత కొలుములు రంగంలోకి దిగాయి. 1980ల నాటికి 14 అంగుళాల డెల్టాకు అచ్చు గుద్దినట్టున్న నకళ్లు రకరకాల రంగుల్లో, రకరకాల పేర్లతో అమెరికాలో దిగుతున్నాయి. 1983లో మొదలైన గ్రిజ్లీ వాటిని దుకాణాలతో పని లేకుండా కేటలాగుల ద్వారా నేరుగా ఇంటికి పంపింది. నకళ్లలో నాణ్యత ఒక్కోదానిది ఒక్కో తీరు. చక్రం సమంగా తిరగనివి, బిగువు స్ప్రింగు నీరసంగా ఉన్నవి చాలానే ఉన్నాయి. కానీ అసలు ధరలో సగానికి దొరికితే ఆ లోపాలను ఒక ఆదివారం కూర్చుని సరిచేసుకునేవాళ్లు బోలెడుమంది. ఇక డెల్టా 1984లో పెంటెయిర్ చేతికి, 2004లో బ్లాక్ అండ్ డెకర్ చేతికి వెళ్లింది. 2011లో దాన్ని కొన్నది చాంగ్ టైప్ అనే తైవాన్ కంపెనీ.

ఈలోగా ఇటలీనుంచి వేరే జాతి యంత్రం వచ్చింది. యూరప్‌లో బ్యాండ్ సా చట్రాన్ని పోత పోయకుండా మందపాటి ఉక్కు రేకును మడిచి వెల్డింగు చేసి కట్టేవారు. మినీమ్యాక్స్, లగూనా పేర్లతో అవి అమెరికా గ్యారేజీల్లోకి చేరాయి. వెన్ను బిగువుగా ఉంటుంది కాబట్టి వెడల్పాటి బ్లేడును గట్టిగా లాగి బిగించినా వంగదు. పది పన్నెండు అంగుళాల ఎత్తు పట్టడానికి దిమ్మెతో పని లేదు. ఇప్పుడు 14 అంగుళాల చిన్న యంత్రాలను కూడా చాలా కంపెనీలు ఇదే పద్ధతిలో చేస్తున్నాయి.

కాబట్టి కొనేవాడి ముందు నిజానికి రెండు వంశాలున్నాయి. మిల్వాకీ వంశం, ఇటలీ వంశం. పలకలు చీల్చాలనుకునేవాడు రెండోదానికే పోవాలి. పాత పోత చట్రానికి దిమ్మె పెట్టి ఎత్తు తెచ్చుకోవచ్చు గానీ, పెరిగిన ఎత్తుకు తగిన బిగువును ఆ చెయ్యి మోయలేదు, కోత మధ్యలో పొట్ట వేస్తుంది. వంపులు కోసుకునేవాడికి, బొమ్మలు చేసుకునేవాడికి పాత వంశమే చవక, దానికే విడి సామాను ఎక్కువ. యంత్రం ఏ వంశానిదైనా, మంచి బ్లేడు కొనకుండా, చక్రం మీది రబ్బరు సరిచూసుకోకుండా యంత్రాన్ని తిట్టడం మాత్రం అన్యాయం.

అమెరికాలో 1940ల నాటి డెల్టాలు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేవాళ్లు చెయ్యి దగ్గర పగులుందేమో గోటితో తడిమి చూస్తారు, పై చక్రాన్ని చేత్తో తిప్పి అటూ ఇటూ ఊగుతుందేమో చూస్తారు, మోటారు సంగతి చివర్లో అడుగుతారు. అరిగిన రబ్బరు, సాగిన స్ప్రింగు, బ్లేడు వెనక తిరిగే బేరింగు మార్చాల్సి వస్తే వాళ్లు వెతికేది తైవాన్ నకళ్ల కోసం చేసిన సామానునే. కొలతలు చాలావరకు అవే కావడంతో చాలాసార్లు అది నేరుగా బిగుస్తుంది.